శాఖల్లో పాత ఫాక్స్‌ప్రో, హెడ్డాఫీసులో కొత్త డేటాబేస్: మధ్యలో ఎడ్జ్ బాక్సు పెట్టడం ఎలా?

పొదుపు సంఘాల సెక్రటరీలు, అకౌంటెంట్లు, వాళ్ల కంప్యూటర్లు చూసే కుర్రాళ్లు అందరూ అడిగేది ఒకటే. "మా సాఫ్ట్‌వేర్ ఇరవయ్యేళ్ల కిందట ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాంలో రాసింది. రాసినాయన ఎక్కడున్నాడో తెలీదు. శాఖలన్నిటి లెక్క ఒకచోట చూడాలంటే నెలాఖరుకి పెన్‌డ్రైవ్ పట్టుకుని బస్సెక్కాలి. మొత్తం క్లౌడ్‌లో పెట్టేద్దామంటే, నెట్ పోయిన రోజు కౌంటర్ మూసుకోవాలి. ఏం చెయ్యమంటారు?"

పాతదాన్ని ఇప్పుడే ఆపొద్దు. అంతా క్లౌడ్‌కి ఎక్కించనూ వద్దు. ప్రతి శాఖలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టండి. ఆ రోజు లావాదేవీలను పాత సాఫ్ట్‌వేర్ ఫైళ్ల నుంచి అది తీసుకుంటుంది, అక్కడికక్కడే తప్పొప్పులు చూస్తుంది, తన దగ్గర దాచుకుంటుంది, లైను ఉన్నప్పుడు హెడ్డాఫీసుకు పంపుతుంది. ఇలా డేటా పుట్టిన చోటే పని జరిగిపోవడాన్ని ఎడ్జ్ కంప్యూటింగ్ అంటారు, ఆ చిన్న కంప్యూటరే మన ఎడ్జ్ బాక్సు. ఈ వ్యాసానికి ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

మన ఉత్తరాంధ్ర జిల్లాలకు ఇది ఎందుకు పనికొస్తుందో విడిగా చెప్పాలా? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోనూ లేదు. సభ్యుడికి తన డబ్బు కావలసింది సరిగ్గా అలాంటి వారంలోనే.

ఎవరికి కాదో ముందే చెప్తాను. మీది ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం అయితే ఈ పని నెత్తిన వేసుకోవద్దు. 63 వేల సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. దాని కింద నాబార్డు ద్వారా వచ్చే ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌లోకే మీరు వెళ్లాలి. అర్బన్ బ్యాంకులకు రిజర్వు బ్యాంకు నిబంధనలు వేరే ఉన్నాయి కాబట్టి వాళ్లకూ ఇది కాదు. ఉద్యోగుల పొదుపు సంఘాలకు, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన చిన్న సంఘాలకు, నాలుగైదు శాఖలున్న వాళ్లకు ఇది సరిపోతుంది.

ఉదాహరణకు శ్రీకాకుళంలో హెడ్డాఫీసు, టెక్కలి, పలాస, రాజాంలలో శాఖలు ఉన్న ఒక సంఘాన్ని అనుకుందాం.

కావలసినవి

- శాఖకు ఒక ఫ్యాన్ లేని మినీ పీసీ. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. టీపీఎమ్ చిప్ ఉన్నది చూసి తీసుకోండి, కారణం కింద చెప్తాను. సోంపేట, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఫ్యాన్లు త్వరగా తుప్పు పడతాయి.
- బ్యాటరీ అయిపోవచ్చిందని బాక్సుకు యూఎస్‌బీ తీగ ద్వారా చెప్పగల చిన్న యూపీఎస్.
- రెండు దారుల నెట్. ఒకటి ఫైబర్, ఇంకొకటి వేరే కంపెనీ 4జీ సిమ్.
- శాఖలో ఎస్‌క్యూలైట్, హెడ్డాఫీసులో పోస్ట్‌గ్రెస్. రెండూ ఉచితంగా దొరికే డేటాబేస్‌లే.
- పైథాన్‌లో ప్రోగ్రాం రాయగలిగిన ఒక మనిషి. సంఘం లెక్కలు తెలిసిన అకౌంటెంట్. ఈ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. అకౌంటెంట్ లేకుండా కుర్రాడి మీద వదిలేస్తే పని ఆగిపోయినట్టే.
- పాలకవర్గం తీర్మానం. ఆడిటర్‌కు ముందుగా ఒక ఉత్తరం.

"రాస్ప్‌బెర్రీ పై సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. నేర్చుకోవడానికి బాగుంటుంది. డబ్బు లెక్కకు మాత్రం ఎస్‌డీ కార్డు మీద నడిచే దేన్నీ పెట్టకండి, కరెంటు పోతూ వస్తూ ఉంటే కార్డు పాడవుతుంది. పైగా పై 4 వరకు అందులో గడియారానికి బ్యాటరీయే లేదు. నెట్ లేకుండా ఆన్ అయితే తేదీ తప్పు చూపిస్తుంది, లెక్కల్లో అది చిన్న తప్పు కాదు.

1. ముందు ఫైళ్ల జాబితా రాయండి

పాత సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ తెరవండి. డీబీఎఫ్ అని ముగిసేవి అసలు డేటా, సీడీఎక్స్ అంటే ఇండెక్సు, ఎఫ్‌పీటీ అంటే పొడుగు రాతలు. ఏ ఫైలులో ఏముందో అకౌంటెంట్‌ను అడిగి ఒక కాగితం మీద రాయండి: సభ్యులు, షేర్లు, పొదుపు, డిపాజిట్లు, రుణాలు, వోచర్లు, జనరల్ లెడ్జర్. పాతవి, కాపీలు, టెంప్ అని పేరున్నవి కూడా బోలెడు కనిపిస్తాయి. వేటినీ తుడిచెయ్యకండి. చివరిసారి ఎప్పుడు మారిందో చూసి పక్కన పెట్టండి.

ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్ 2004లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ఆగిపోయింది. అయినా ఇప్పటికీ రోజూ లెక్క తప్పకుండా నడుస్తోందంటే రాసినాయన గట్టివాడే. ఆ తర్కాన్ని గౌరవించండి, "పాత చెత్త" అనుకుని మొదలుపెట్టకండి.

2. కాపీ తీయండి, కాపీ సరైనదో కాదో లెక్కకట్టి చూడండి

కౌంటర్ మూసి, డే ఎండ్ (ఆ రోజు లెక్క ముగింపు) అయ్యాక, అన్ని కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ నుంచి బయటికి వచ్చాక కాపీ తీయండి. పని నడుస్తుండగా కాపీ చేస్తే వోచర్ ఫైలు ఒక నిమిషానిదీ, లెడ్జర్ ఫైలు ఇంకో నిమిషానిదీ అవుతాయి. పగలే తీయక తప్పదంటే విండోస్ షాడో కాపీ (వాడుకలో ఉన్న ఫైళ్లను ఆ క్షణంలో ఉన్నట్టుగా కాపీ తీసే సౌకర్యం) వాడండి. అప్పుడు కూడా ఒక వోచర్ సగంలో ఉండవచ్చు, కాబట్టి సరిచూడకుండా నమ్మొద్దు.

కాపీని సరిచూడటం కష్టం కాదు. డీబీఎఫ్ ఫైలు తలకాయలోనే మూడు అంకెలు ఉంటాయి: మొత్తం రికార్డులు, తలభాగం పొడవు, ఒక్కో రికార్డు పొడవు. ఉదాహరణకు రికార్డులు 4,812, తలభాగం 673 బైట్లు, రికార్డు 214 బైట్లు అనుకోండి. 4,812ను 214తో గుణిస్తే 10,29,768. దానికి 673 కలిపితే 10,30,441. చివర ముగింపు గుర్తు ఒక బైటు ఉంటే 10,30,442. ఫైలు సైజు ఈ రెండింటిలో ఏదో ఒకటి అయితే మంచిదే. తక్కువ ఉంటే కాపీ తెగింది. బాగా ఎక్కువ ఉంటే తలభాగంలోని రికార్డుల సంఖ్య తప్పి ఉండొచ్చు. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ మీదే పరిశీలించండి.

జాగ్రత్త: ఫాక్స్‌ప్రోలో రికార్డు తీసేస్తే అది పోదు. దాని మొదటి బైటులో నక్షత్రం గుర్తు (*) పడుతుంది, ప్యాక్ అనే ఆదేశంతో నిజంగా తుడిచేదాకా ఫైలులోనే ఉంటుంది. అలాంటి వాటిని లెక్కలోకి తీసుకోకండి, కానీ వేరే పట్టికలో దాచండి. రద్దయిన వోచర్ ఏదని ఆడిటర్ అడిగే రోజు వస్తుంది.

3. అంకెలు, తేదీలు, పేర్లు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నిదానంగా చదవండి.

డబ్బు. ఫాక్స్‌ప్రో మామూలు అంకెల ఫీల్డులో 1250.75 అంటే ఆ అక్షరాలే ఉంటాయి, తేడా రాదు. మనం పైథాన్‌లోకి ఫ్లోట్‌గా (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) చదివినప్పుడే పైసలు జారడం మొదలవుతుంది. దొరికే రెడీమేడ్ లైబ్రరీలు కొన్ని అడక్కుండానే ఫ్లోట్ చేసేస్తాయి. అక్షరాలుగా చదివి, పైసల్లోకి మార్చి, పూర్ణాంకంగా దాచండి: 1,25,075.

నక్షత్రాలు. ఫీల్డులో పట్టనంత పెద్ద మొత్తం వస్తే ఫాక్స్‌ప్రో అంకె బదులు నక్షత్రాల (*) వరస రాస్తుంది. కొన్ని లైబ్రరీలు దాన్ని "ఖాళీ" అనుకుని కిమ్మనకుండా ముందుకు పోతాయి. మీ సంఘంలో అన్నిటికంటే పెద్ద ఖాతాయే సున్నా అవుతుందన్నమాట. చదివేటప్పుడే ఈ నక్షత్రాల కోసం విడిగా వెతికించండి.

తేదీలు. సంవత్సరం రెండంకెలు కొట్టే అలవాటున్న చోట 2026 బదులు 1926 పడి ఉంటుంది. ఖాతా తెరిచిన తేదీ కన్నా గడువు తేదీ ముందు ఉన్న డిపాజిట్లన్నీ జాబితా తీయండి. వీటిని ప్రోగ్రాంతో గుడ్డిగా మార్చకండి. నామినీ పుట్టిన సంవత్సరం నిజంగానే 1926 కావచ్చు.

పేర్లు. యూనికోడ్ రాకముందు ఫాంట్లలో కొట్టిన తెలుగు పేర్లు గజిబిజిగా కనిపిస్తాయి. ఏ ఫాంటో కనుక్కుని మార్చండి, అసలు బైట్లను మాత్రం పక్క కాలమ్‌లో అలాగే ఉంచండి. పేరును బట్టి ఇద్దరు సభ్యుల్ని ఒక్కరుగా కలిపే పని అసలు చెయ్యకండి. అప్పలనాయుడు, అప్పలనరసమ్మ లేని లెడ్జర్ ఉత్తరాంధ్రలో ఉంటుందా? సభ్యత్వ సంఖ్య, తండ్రి లేదా భర్త పేరు, ఊరు మూడూ కలిస్తేనే అడగండి. అప్పుడు కూడా శాఖవాళ్లనే అడగండి.

జిల్లా. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత రికార్డుల్లో శ్రీకాకుళం అనే ఉంటుంది. దాన్ని చెరిపి కొత్తది రాస్తే పాత సంవత్సరాల నివేదికలు పుస్తకాలతో కలవవు. "ఏ తేదీ నుంచి ఏ జిల్లా" అని రెండు వరుసలుగా పెట్టండి.

4. బాక్సు సిద్ధం చేయండి

లినక్స్ వేసి, డిస్కు మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టండి. బాక్సు దొంగతనానికి పోతే సభ్యుల వివరాలు పోకూడదు. మామూలుగా అయితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పాస్‌వర్డ్ కొట్టాలి, అది కాస్తా మానిటర్ మీద చీటీ అయి కూర్చుంటుంది. టీపీఎమ్ చిప్ ఉంటే తాళం అందులో ఉంటుంది, బాక్సు దానంతటదే లేస్తుంది. పైన చిప్ చూసుకోమన్నది ఇందుకే. హెడ్డాఫీసుకు దారి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (నెట్‌లో బయటివాళ్లు చదవలేని సొంత దారి) మీదే ఉండాలి. ఆధార్ నంబర్లు పంపనక్కర్లేదు, పంపకండి.

"ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ దేనికి?" అంటారు. ఇన్వర్టర్ మారే క్షణంలో చిన్న కంప్యూటర్లు రీస్టార్ట్ అయిపోతుంటాయి. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ మీట ఉంటే ముందు అది వేసి చూడండి. అయినా బాక్సుకు వేరే యూపీఎస్ ఉండాల్సిందే.

గడియారం ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) టైమ్ సర్వర్‌తో కలపండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ఇది ఉంది. లాగ్‌లు 180 రోజులు ఉంచడం, సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలపడం కూడా వాటిలోవే.

5. మార్పులు పట్టుకోండి

ఏది ఎప్పుడు మారిందో ఫాక్స్‌ప్రో చెప్పదు. అందుకని రోజూ డే ఎండ్ తరవాత బాక్సు కొత్త కాపీ తీసుకుని, ప్రతి రికార్డుకీ ఎస్‌హెచ్‌ఏ-256 ముద్ర (రికార్డులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు) కట్టి, నిన్నటి ముద్రలతో పోల్చాలి. కొత్త రికార్డు కొత్త లావాదేవీ. ముద్ర మారిందంటే ఎవరో పాత రికార్డు దిద్దారు.

ఈ రెండోది మొదటి వారంలోనే బయటపడుతుంది. పోయిన నెల వోచర్ ఈరోజు మారి ఉంటుంది. గొడవ పెట్టుకోకండి, చాలా సార్లు అది ఖాతా నంబరు దిద్దుబాటే. కానీ కొత్త డేటాబేస్‌లో మాత్రం పాత ఎంట్రీ మీద రాయకండి. దానికి ఎదురు ఎంట్రీ ఒకటి, సరైన ఎంట్రీ ఒకటి, రెండూ ఈరోజు తేదీతో వెయ్యండి.

జాగ్రత్త: కౌంటర్ నడుస్తుండగా బాక్సు అసలు డీబీఎఫ్ ఫైళ్లను తెరవకూడదు. షేర్డ్ ఫోల్డర్ మీద లాకుల గొడవ వచ్చి ఇండెక్సులు చెడిపోవచ్చు. బాక్సు చదివేది ఎప్పుడూ కాపీనే.

6. బ్యాలెన్సు పంపకండి, ఎంట్రీ పంపండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. భార్యాభర్తల ఉమ్మడి ఖాతా టెక్కలిలో ఉంది, నిల్వ 25,000. లైను లేదు. ఆయన టెక్కలిలో 20,000 తీశాడు. అదే గంటలో ఆవిడ పలాసలో 20,000 తీసింది. రెండు శాఖలూ తమ దగ్గరున్న నిల్వ చూసుకుని సరేనన్నాయి, రెండూ "నిల్వ 5,000" అని రాసుకున్నాయి. లైను వచ్చాక రెండూ పైకి పంపాయి. చివర వచ్చినదే ఖాయం అనే సింక్ సాఫ్ట్‌వేర్ హెడ్డాఫీసులో 5,000 చూపిస్తుంది. చేతిలోంచి పోయింది 40,000. ఎక్కడా ఎర్రగీత పడదు.

అందుకని:

- ఒక ఖాతా నిల్వను మార్చే హక్కు ఒక్క శాఖకే. ఖాతా ఎక్కడ తెరిచారో అదే సొంత శాఖ.
- వేరే శాఖలో జమ ఎప్పుడైనా తీసుకోవచ్చు. రసీదు ఇవ్వండి, సొంత శాఖకు చేరాక ఖాతాలో పడుతుంది.
- వేరే శాఖలో చెల్లింపు, లైను లేనప్పుడు, పాలకవర్గం పెట్టిన పరిమితి లోపలే. అంతకు మించితే సొంత శాఖకు ఫోన్ చేసి ఆ మొత్తాన్ని ఆపించాకే.
- ప్రతి ఎంట్రీకి శాఖ కోడ్, ఆర్థిక సంవత్సరం, వరస సంఖ్య కలిసిన నంబరు. 03-2526-004817 లాగా. ఈ నంబరు శాఖలోనే పుట్టాలి, హెడ్డాఫీసు ఇవ్వకూడదు.

బాక్సులో "పంపాల్సినవి" అని ఒక పట్టిక ఉంటుంది. హెడ్డాఫీసు నుంచి "అందింది" అని వచ్చాకే అక్కడ టిక్ పడాలి. ఆ జవాబు దారిలో పోతే బాక్సు మళ్లీ పంపుతుంది, అంటే ఒకే ఎంట్రీ రెండుసార్లు వెళ్తుంది. ఇది తప్పు కాదు, ఇలాగే ఉండాలి. హెడ్డాఫీసు పట్టికలో ఆ నంబరు మీద యూనిక్ నిబంధన పెడితే రెండోది తిరస్కరించి "ముందే అందింది" అంటుంది. ఈ నిబంధన మరిచిపోతే ఒక జమ రెండు జమలవుతుంది. సభ్యుడు పైకి చెప్పకపోవచ్చు కూడా!

7. శాఖలో లెక్క తేలాకే పైకి

బాక్సు పంపేముందు మూడు చూడాలి. ఆ రోజు డెబిట్లు, క్రెడిట్లు సమానమా? డే బుక్ ముగింపు నగదు కౌంటర్లో లెక్కపెట్టిన నగదుతో కలిసిందా? పొదుపు ఖాతాల నిల్వలన్నీ కూడితే జనరల్ లెడ్జర్‌లో పొదుపు పద్దు వచ్చిందా? మూడూ కుదిరితే ఆ రోజు కట్టకు ముద్ర వేసి పంపండి. ఏదైనా కుదరకపోతే "తేడా" అని గుర్తుపెట్టి పంపాలి. ఆపెయ్యకూడదు, దాచకూడదు. తేడా ఉన్న రోజును హెడ్డాఫీసు మొత్తాల్లో కలపకుండా విడిగా చూపించాలి.

మూడోది మొదటిరోజే కుదురుతుందని ఆశపడకండి. ఏళ్లుగా ఉన్న పాత తేడా బయటికొస్తుంది. దాన్ని సస్పెన్స్ పద్దులో తేదీతో చూపించి, ఆడిటర్ సంతకం తీసుకుని ముందుకెళ్లండి. తేడా ఎవరిదని అప్పుడే మొదలెడితే పని ఏడాది ఆగుతుంది.

8. తీగలు పీకి చూడండి

టెస్టు కోసం ఒక శాఖను ఎంచుకోండి. నా సలహా, అన్నిటికన్నా చిన్నది కాదు, ఓ మాదిరి రద్దీ ఉన్నది.

- నెట్ తీగ పీకి ఒక రోజంతా పనిచేయించండి. సాయంత్రం పెట్టాక ఎంట్రీల సంఖ్య, మొత్తం పైసలతో సహా కలవాలి.
- పంపుతుండగా మధ్యలో పీకండి. మళ్లీ పెట్టాక ఒక్క ఎంట్రీ కూడా రెండుసార్లు పడకూడదు.
- యూపీఎస్ స్విచ్ ఆపి బాక్సును ఉన్నపళంగా ఆర్పండి. లేచాక ఎస్‌క్యూలైట్ ఇంటెగ్రిటీ చెక్ "ఓకే" అనాలి. డబ్ల్యూఏఎల్ మోడ్‌లో (మార్పులను ముందు వేరే లాగ్‌లో రాసే పద్ధతి) సింక్రనస్ అనే సెట్టింగును ఫుల్‌లో పెట్టకపోతే చివరి ఎంట్రీలు పోవచ్చు.
- బాక్సు కాలిపోయిందనుకుని, కొత్త బాక్సు మీద బ్యాకప్ నుంచి శాఖను నిలబెట్టండి. ఎంత సేపు పట్టిందో రాసి గోడకు అంటించండి. ఈ నాలుగోదాన్ని అందరూ దాటేస్తారు. తుపాను రోజున కావాల్సింది ఇదే.

9. పక్కపక్కన నడపండి

రెండు వ్యవస్థలూ కనీసం ఒక అర్ధ సంవత్సరం వడ్డీ వేసేదాకా కలిసి నడవాలి. జూలైలో మొదలుపెడితే సెప్టెంబర్ 30 వడ్డీ దొరుకుతుంది. మార్చిలో మాత్రం మొదలుపెట్టకండి, ఆ నెలలో అకౌంటెంట్‌కు ఉన్న టెన్షన్ చాలు.

వడ్డీ పోలిక ఇలా చదవండి. అన్ని ఖాతాల్లోనూ కొన్ని పైసలు ఒకే వైపు తేడా వస్తే అది రౌండింగ్ సూత్రం తేడా. పాత ప్రోగ్రాం రోజువారీ నిల్వను రూపాయికి సవరించి వడ్డీ కడుతుండొచ్చు. రెండు మూడు ఖాతాల్లోనే పెద్ద తేడా వస్తే అది డేటా తప్పు, మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి. రౌండింగ్ ఎలా ఉండాలో ప్రోగ్రామర్ నిర్ణయించకూడదు, పాలకవర్గమే నిర్ణయించాలి.

మొత్తాలు కలిశాయని ఊరుకోకుండా కొన్ని ఖాతాలు చేత్తో చూడండి: అన్నిటికన్నా పెద్ద ఇరవై, మైనర్ల ఖాతాలు, చనిపోయిన సభ్యులవి, ఏళ్లుగా కదలనివి, మొండి బకాయి రుణాలు. పాస్‌బుక్ తెచ్చిన సభ్యుల్ని కూడా వదలకండి. "డబ్బులు పడ్డాయేటి బాబూ?" అని అడిగే పెద్దాయన పాస్‌బుక్‌కి మించిన టెస్ట్ కేసు లేదు.

10. ఏది ముందు మార్చాలి

ముందు హెడ్డాఫీసు నివేదికలు. తరవాత నిల్వ విచారణ, ఎస్‌ఎమ్‌ఎస్. కౌంటర్ ఎంట్రీ అన్నిటికన్నా ఆఖరు. కొందరికి అసలు ఆ అవసరమే రాదు, పాత తెర మీద ఎంట్రీ, కొత్తదానిలో నివేదికలు అన్న పద్ధతితోనే ఏళ్లు గడుస్తాయి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఎంట్రీ కూడా మార్చేస్తే శాఖలు ఒక్కొక్కటిగా మార్చండి, ఏప్రిల్ 1న అన్నీ ఒకేసారి కాదు. మారిన రోజు నుంచి పాత సాఫ్ట్‌వేర్‌ను చదవడానికి మాత్రమే ఉంచి, ఆ ఫోల్డర్‌కు రాసే అనుమతి తీసెయ్యండి. లేకపోతే పాత అలవాటున్న గుమాస్తా లైను లేని రోజున అందులోనే వోచర్ కొట్టేస్తాడు. ఆ ఎంట్రీ బాక్సుకూ తెలీదు, హెడ్డాఫీసుకూ తెలీదు. పాత కంప్యూటర్ హార్డ్ డిస్కు మొత్తానికి ఉన్నదున్నట్టు రెండు కాపీలు తీయించి, ఒకటి హెడ్డాఫీసు బీరువాలో, ఒకటి వేరే ఊళ్లోని శాఖలో పెట్టించండి. ఆడిట్ పూర్తికాని సంవత్సరాలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి, వాటి ఆఖరి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆ పాత యంత్రాన్ని తుక్కుకు వెయ్యనివ్వకండి.